గద్దలగుట్ట మీద వాన

గిరిధర్ వారంలో ఆరు రోజులు సగం మనిషిని భూమిలో పెట్టుకొని బతుకుతాడు. ధర్మవరంలో గుంత మగ్గం నేసేవాళ్ళందరి బతుకూ అంతే. పొద్దున కాఫీ తాగి గుంతలోకి కాళ్ళు దించితే మళ్ళీ అవి వెలుగు చూసేది మధ్యాహ్నం అన్నానికే. నలభై నాలుగేళ్ళ మనిషి, అందులో ఇరవై ఎనిమిదేళ్ళు ఆ గుంతలోనే గడిచిపోయాయి. అతను నేసిన పట్టుచీరలు కట్టుకొని ఎంతమంది పీటల మీద కూర్చున్నారో లెక్కలేదు గానీ, వాళ్ళలో ఒక్కరి మొహం కూడా అతను చూసి ఎరగడు. దానికి అతను బాధపడిందీ లేదు. అతని ధ్యాసంతా ఆదివారం మీద.

ఆదివారం గిరిధర్ ఎగురుతాడు.

ఈ మాటకు వీధిలో నవ్వనివాళ్ళు లేరు. నవ్వితే నవ్వుకోనీ. అతని దగ్గర ఒక చిన్న విమానం ఉంది. తెల్లటి నురగ అట్టతో చేసింది, పావుకిలో కూడా తూగదు. వెనకాల ఒక మోటరు, ముక్కు మీద బొటనవేలంత కెమెరా. ఆ కెమెరా చూసిందంతా అప్పటికప్పుడు గాలిలోనే కిందికి పంపుతుంది. కింద గిరిధర్ కళ్ళకు డబ్బాలాంటి గాగుల్స్ కట్టుకొని కూర్చుంటే, విమానం చూసేదే అతనూ చూస్తాడు. చూసింది చూసినట్టు గాగుల్స్‌లో పెట్టిన చిన్న కార్డులోకి రికార్డు అవుతుంది. ఐదేళ్ళ కింద హిందూపురంలో జయరాజు అనే పాత టీవీ మెకానిక్కు దగ్గర దొరికింది ఆ విమానం. ఎవరో రిపేరుకు ఇచ్చి మళ్ళీ ఆ ఛాయలకు రాలేదట. పట్టునూలు కోసం హిందూపురం పోయిన గిరిధర్ దాన్ని చంకలో పెట్టుకొని తిరిగొచ్చాడు. భార్య ధరణి ఆ రోజు ఏమన్నదో రాయడం మర్యాద కాదు.

ఊరవతలి బీడులో నేల మీద చతికిలబడి, కాళ్ళు చాపుకొని, గాగుల్స్ కట్టుకుంటే చాలు, గిరిధర్‌కు ఒళ్ళు తేలికైపోతుంది. రేగుచెట్లు కిందికి జారిపోతాయి. రైలు పట్టాలు సన్నబడతాయి. ఎండిపోయిన చిత్రావతి ఏటి ఇసుక, ఎవరో ఆరేసి మరిచిపోయిన గుడ్డలాగా పరుచుకొని ఉంటుంది. గాలికి చప్పుడుండదు, ఎండకు వేడి ఉండదు. తను నేల మీద కూర్చొని ఉన్నాడన్న సంగతి కాళ్ళకు కూడా తెలియదు. అవి వాటంతటవే మగ్గం తొక్కుడు చెక్కల కోసం వెతుక్కుంటూ ఉంటాయి. ఆ కాసేపు గిరిధర్ అప్పు లేని మనిషి, వయసు లేని మనిషి, పేరు కూడా లేని మనిషి.

ఒకటే లోపం. బొమ్మ మీద గీతలు పడేవి. తెల్లటి సన్నటి గీతలు, కాస్త ఏటవాలుగా, పైనుంచి కిందికి జారుతూనే ఉండేవి. విమానం పైకి లేచేకొద్దీ దట్టంగా పడేవి. గిరిధర్ మొదట సెల్ టవరును అనుమానించాడు. తర్వాత రైలు కరెంటు తీగలను తిట్టాడు. ఇంకో బీడుకు మారి చూశాడు, ఆ గీతలు అక్కడికీ వచ్చాయి. చివరికి కండ్లలో నలుసు మాదిరి వాటికి అలవాటు పడిపోయాడు. తప్పు తన విమానం లోపలే ఉంటుందని అతనికి కలలో కూడా తట్టలేదు. ఎందుకంటే ఆ విమానం కడుపులో తీగలు సర్దింది స్వయానా అతనే. ఎరుపు, నలుపు, పసుపు, అన్నీ తల దువ్వినట్టు పక్కపక్కన, ఒకదాని మీద ఒకటి పడకుండా, ముక్కు నుంచి తోక దాకా తిన్నగా లాగి, నాలుగు చోట్ల పట్టుదారంతో కట్టాడు. పడుగులో ఒక పోగు ఇంకో పోగు మీద ఎక్కితే నేతగాడి ప్రాణం ఒప్పుతుందా? చూసినవాళ్ళంతా ఆ పనితనానికి ముచ్చటపడ్డారు.

మాఘంలో మామ వచ్చాడు. రావడం కాదు, ఆటోలో తెచ్చారు.

ధరణి తండ్రి పోతులయ్యది పెనుకొండ కొండల కింద ఒక పల్లె. యాభై ఐదేళ్ళు గొర్రెలు మేపాడు. గిరిధర్ తాత కూడా గొర్రెలవాడే. కొత్తచెరువు పక్క పల్లెలో మంద అమ్ముకొని ధర్మవరం చేరి మగ్గం నేర్చుకున్నాడు. అందుకే పోతులయ్య ఇన్నేళ్ళూ అల్లుడిని దారి తప్పిన గొర్రె కింద లెక్కేసి జాలిపడేవాడు. ఇప్పుడు జాలిపడే ఓపిక ఆయనకు లేదు. ఎడమ తుంటి కీలు అరిగిపోయింది. అడుగు వేస్తే ప్రాణం పోయినంత పని. భార్య ఏనాడో పోయింది. మందను తమ్ముడి కొడుకులు తోలుకుపోయారు. ఆయన్ను కూతురు తోలుకొచ్చింది.

కీలు మార్చాలన్నారు అనంతపురంలో డాక్టర్లు. మారిస్తే నడుస్తాడని, ఆలస్యం చేస్తే కాలు సన్నబడి, తర్వాత మార్చినా లాభం ఉండదని చెప్పారు. ప్రభుత్వ వైద్యం కార్డు మీద ఖర్చు లేకుండా జరిగిపోతుంది, సంతకం పెడితే చాలు. పోతులయ్య బొటనవేలి ముద్ర ఇవ్వనన్నాడు.

"నడిచి యాడికి పోవల్ల?" అని అడిగాడు. "ఈ మంచం కాడ్నించి ఆ గడప దాకా పోయేదానికి కొత్త కాలెందుకమ్మా? మగ్గం చప్పుడు ఈడికే వినపడతాండాది."

ధరణి బతిమాలింది, ఏడ్చింది, రెండు రోజులు అన్నం మానేసి చూసింది. ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఉగాది వచ్చింది, పోయింది. ఆషాఢం కూడా వచ్చింది. కాలు నిజంగానే సన్నబడుతోంది. తండ్రికి ఒళ్ళు తుడిచేటప్పుడు ధరణి ఆ కాలిని జేనతో కొలిచేది. ఎవరూ చూడటం లేదనుకొని కొలిచేది గానీ, గిరిధర్ మగ్గం మీది నుంచి చూస్తూనే ఉండేవాడు.

ఒకరోజు పడుగు అతుకుతూ ధరణి మొగుడితో అన్నది. "నువ్వు ఆదివారం ఆడాడ ఎగరేస్తావు గదా. ఒక్కసారి మా గద్దలగుట్ట కాడ ఎగరేసి, నాయనకు చూపించగూడదా? ఆడికి పోవల్లనన్నా లేస్తాడేమో."

ఐదేళ్ళలో ఆ విమానం గురించి ఆమె మంచిగా మాట్లాడింది అదే మొదటిసారి. గిరిధర్ ఆదివారం దాకా కూడా ఆగలేదు. శనివారమే బస్సెక్కాడు.

గద్దలగుట్ట పెద్ద కొండ కాదు. పెనుకొండ కోట ఉన్న కొండకు దూరంగా, చీకిరేణి చెట్లు, గుండ్లు తప్ప ఇంకేమీ లేని గుట్ట. పైన ఒక దొన ఉంది, అంటే బండరాతిలో నీళ్ళు నిలిచే గుంట. దాని పక్కనే పోతులయ్య సద్ది తినేవాడట. గిరిధర్ కింద శెనక్కాయ చేనిలో కూర్చుని విమానం వదిలాడు. అంత ఎత్తుకు ఎప్పుడూ పోలేదు కాబట్టి మోటరు చేతనైనంతా తిప్పాడు. గీతలు ముసురుకున్నాయి. ఆ గీతల వెనక గుట్ట లేత నీలంగా, నిద్రలో చూసినట్టుగా కదిలింది. దొన ఎక్కడుందో, బండ ఎక్కడుందో సరిగా తెలియలేదు. మనసు చిన్నబుచ్చుకొని ఇల్లు చేరాడు.

సాయంత్రం కార్డు టీవీకి గుచ్చి, మామ మంచాన్ని టీవీ వైపు తిప్పారు. గోడ వైపు తిరగబోయిన పోతులయ్య తెర మీద గుట్ట ఆకారం చూసి ఆగాడు. తర్వాత మోచేతి మీద లేచాడు.

"వాన," అన్నాడు.

"ఏంది నాయనా?" అని ధరణి దగ్గరికి పోయింది.

"గద్దలగుట్ట మింద వాన పడతాండాది. చూడు పాపా. ఇదో, ముందు సన్నంగా తూరగా వచ్చ. ఇప్పుడు జోరందుకునింది." విమానం ఎత్తుకు లేచేకొద్దీ గీతలు దట్టమవుతుంటే, ముసలాయన మొహంలో వెలుగూ దట్టమైంది. "నువ్వు తడవలేదా అప్పా?"

గిరిధర్ నోరు తెరిచాడు. ధరణి అతని వంక చూసింది. ఆ చూపులో బెదిరింపు లేదు, బతిమాలడమే ఉంది.

"నేను కింద చేన్లో ఉంటి మామా," అన్నాడు గిరిధర్.

"అదీ మాట. గుట్ట మింద పడతాది, కింద చుక్క రాల్దు. ఎన్నిసార్లు చూసినానో నేను," అని పోతులయ్య తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. "బాగా పడింది గదా?"

"ఊఁ," అన్నాడు గిరిధర్.

ఆ రాత్రే పోతులయ్య కూతుర్ని పిలిచి, కాగితం యాడుందో తెమ్మన్నాడు. వాన పడితే పది దినాల్లో గడ్డి లేస్తుందనీ, గడ్డి లేస్తే మందను పైకి తోలాలనీ, తమ్ముని కొడుకులకు దొన దారి తెలియదనీ చెప్పి, బొటనవేలు ఇచ్చాడు. అనంతపురంలో ఆపరేషనుకు అక్కడికి మూడో బుధవారం ఇచ్చారు. ధరణి ఇంటి ముందు పెద్ద ముగ్గు వేసింది. పండగేమిటని అడిగినవాళ్ళకు ఏదో చెప్పింది.

ఇక ముసలాయన మారిపోయాడు. గోడను మరిచిపోయాడు. పక్కింటివాళ్ళు పలకరిస్తే గుట్ట మీద వాన ఎట్లా వచ్చిందో చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ అది ఇంకాస్త కురిసేది. మొదట జోరువాన అయింది, నాలుగో రోజుకు ఉరుము కూడా కలిసింది. రెండుసార్లు అన్నం పెట్టమని తనే అడిగాడు. గిరిధర్ మగ్గంలో కూర్చొని అవన్నీ వింటూ ఉండేవాడు. వింటుంటే పేక నడిపే నాడె చేతిలోనే ఆగిపోయేది. ఒక చిన్న "ఊఁ" లోంచి ఇంత వాన పుట్టిందని అతనికి ఒళ్ళంతా సిగ్గుగా ఉండేది. తప్పుపడిన చీరనైనా మూరెడు విప్పి మళ్ళీ నేయొచ్చు. ఆ "ఊఁ"ను ఎట్లా విప్పాలో తెలియలేదు.

ఎనిమిదో రోజున పోతులయ్య అడగనే అడిగాడు. "అల్లుడా, ఇప్పటికి పచ్చగా తిరిగింటాది. ఇంగోసారి పోయి పట్టకరాకూడదా? గడ్డి చూసుకొని పోతా అనంతపురానికి. అప్పుడు తెరమింద వాన అడ్డమొచ్చ, దొన సరిగా కనపడల్యా."

తప్పించుకునే దారి లేక, విమానం సంచిలో పెట్టుకొని గిరిధర్ హిందూపురం బండెక్కాడు.

జయరాజు అంగట్లో ఇప్పుడు టీవీలు రావు. ఫోన్ల అంగళ్ళ మధ్య, దుమ్ము పట్టిన పెట్టెల నడుమ, ఆయన ఒక్కడే పాత కుర్చీలో కూర్చొని ఉంటాడు. గిరిధర్ గీతల సంగతి చెప్పాడు. వాన సంగతి చెప్పలేదు.

"మోటరు ఆపినప్పుడు ఉంటాయా గీతలు?" అని అడిగాడు జయరాజు.

"ఆకాశంలో మోటరెట్ల ఆపుతానన్నా? పడిపోదా?"

"పడదు. రెక్కలుండాయి గదప్పా దానికి." జయరాజు విమానం ఫ్యాను ఊడదీసి పక్కన పెట్టి, కెమెరా బొమ్మను ఒక పాత టీవీలోకి పట్టాడు. అంగడి గోడ మీది క్యాలెండరు తెర మీద కనిపించింది. మోటరు తిప్పాడు. క్యాలెండరు మీద వాన మొదలైంది. ఇంకా తిప్పాడు, జోరైంది. ఆపాడు. వెలిసిపోయింది.

గిరిధర్ టీవీ దగ్గరికి జరిగాడు. ఐదేళ్ళు టవర్లను, రైళ్ళను తిట్టుకున్నాడు పాపం.

జయరాజు విమానం కడుపు విప్పి చూసి, అద్దాలు సవరించుకొని మళ్ళీ చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టి దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "ఇంత చక్కగా కట్టిందెవురు సామీ? నువ్వేనా? మగ్గమోళ్ళు తప్ప ఇంకెవురూ ఇట్ల కట్టరు. నీ చక్కదనమే నీ కొంప ముంచింది."

"అంటే?"

"మోటరుకు పోయే తీగ, బొమ్మ తెచ్చే తీగ, రెండూ ముక్కు కాడ్నించి తోక దాకా జతగా పోతాండాయి. బస్సులో పక్క సీటోడు ఫోన్లో గట్టిగా మాట్లాడతాంటే నువ్వు వద్దన్నా నీ చెవిలో పడదా? హిందూపురం నుంచి ధర్మవరం దాకా పక్కనే కూర్చుంటే వాని ఇంటి కతంతా నీకు తెలిసిపోతాది. అదే వాడు నీకు ఎదురుగా అడ్డం దాటి పోతే ఒక ముక్క వినపడి పాయ. నీ కెమెరా తీగకు మోటరు కతంతా వినపడతాండాది." జయరాజు వేలితో ఎరుపు నలుపు తీగలు తట్టాడు. "ఇవి రెండూ మెలిపెట్టు. ఒకదాని గోల ఒకటి మింగేస్తాది. కెమెరా తీగను అవతలి పక్కకు తీసకపో. కలవక తప్పని చోట అడ్డంగా దాటించు, సరిగ్గా అడ్డంగా. బ్యాటరీ కాడ ఈ కండెన్సరు ఒకటి వెయ్. దుడ్లు వద్దులే, కాఫీ తాపించు."

తిరుగు ప్రయాణంలో గిరిధర్ కిటికీ పక్కన కూర్చొని తనలో తను నవ్వుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా పడుగుకు అడ్డంగా పేక వేసి బతుకుతున్నాడు. ఈ విమానంలో మాత్రం ఒట్టి పడుగు వేసి వదిలేశాడు. పేక సంగతే మరిచిపోయాడు.

ఇంట్లో మెలిపెట్టే పని ధరణిది. పాత పడుగు కొసలకు కొత్త పడుగు కొసలు, వేళ్ళకు బూడిద రాసుకొని, ఒక్కో పోగే పురిపెట్టి అతకడంలో ఆ వీధిలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఎరుపు నలుపు తీగలు రెండింటినీ ఆమె బొటనవేలితో అలా నెట్టుకుంటూ పోయింది, రెండు నిమిషాల్లో ముచ్చటైన పురి వచ్చింది. దేనికని అడిగింది. గీతలు పోయేదానికని చెప్పాడు. ఆమె చెయ్యి ఆగింది.

"గీతలు పోతే వాన పోతాది గదా," అన్నది.

గిరిధర్ ఆ పురిని విమానంలో అమర్చి, కెమెరా తీగను దానికి అడ్డంగా దాటించాడు.

శనివారం మళ్ళీ గద్దలగుట్ట కింద కూర్చున్నాడు. విమానం వదిలాడు. గాగుల్స్‌లో ఒక్క గీత లేదు. తనకు తెలిసిన లోకం మీద నుంచి ఎవరో తెర తొలగించినట్టయింది. గుట్ట చుట్టూ ఒక చుట్టు తిరిగి, బాగా ఎత్తుకు పోయి, జయరాజు మాట గుర్తొచ్చి, గుండె చిక్కబట్టుకొని మోటరు ఆపాడు. విమానం పడలేదు. గాలి దాన్ని అరచేతిలో పెట్టుకుంది. అలా జారుతూ, తిరుగుతూ, ఎంతసేపు గడిచిందో అతనికి తెలియదు. బండల కింది నీడలు కనిపించాయి. బండ మీద కూర్చున్న గద్ద రెక్క సర్దుకోవడం కనిపించింది. దూరంగా ఎర్రమంచి వైపు ఫ్యాక్టరీ కప్పులు తళతళమని మళ్ళీ మాసిపోయాయి. ఇంత అందం ఉంటుందా అనిపించి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ చెమ్మలోంచి చూస్తే గుట్ట మీద గడ్డిపోచ లేదు. దొనలో అడుగున కాస్త పాచినీరు తప్ప చుక్క లేదు. ఆషాఢం సగం పోయినా వాన జాడ లేని గుట్ట ఎట్లుండాలో అట్లే ఉంది.

ఇంటికి వస్తే ధరణి గడప దగ్గరే ఆపింది. ఫోనులో చూపిస్తే చూసింది. చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపల మంచం మీద ముసలాయన దగ్గాడు.

"మళ్ళా పోదువు," అన్నదామె మెల్లగా. "తీగలు ముందర మాదిరే పక్కపక్కన పెట్టుకొని పో. రేపే పో. గీతలుంటే గడ్డి ఉందో లేదో తెలీదు. నాలుగు దినాలు గడిస్తే చాలు, బుధవారం దాటితే నేనే చెప్పుకుంటా నాయనకు."

గిరిధర్ తను కూడా బస్సులో వస్తూ అదే అనుకున్నాడు. దాచడమెందుకు? ఇప్పుడు అతనికి వాన కురిపించడం చేతనవును. నాలుగు దారాలు కోసి, తీగలు తిన్నగా పరిస్తే చాలు, ఎంత కావాలంటే అంత కురుస్తుంది. దాంతో ఒక మనిషి లేచి నడుస్తాడు. తప్పేముంది?

"ఆ కాలితో లేచి యాడికి పోతాడు ధరణీ?" అన్నాడు గిరిధర్. "గుట్టకే గదా పోయేది. పోయి చూసి, అల్లుడు మోసం చేసినాడనుకుంటే, కొత్త కాలుండీ మళ్ళా గోడ దిక్కు తిరుగుతాడు. అప్పుడు తిప్పేదానికి నా కాడ ఏముంటాది?"

"చూపిస్తే ఆపరేషను వద్దంటాడు."

"అనొచ్చు."

"అంటే కాలు పోతాది. నువ్వు నీ మనసు కోసరం చేస్తాండావు."

ఆ మాట నిజమేనని గిరిధర్‌కు తెలుసు. అయినా చెప్పులు విడిచి లోపలికి పోయాడు. ధరణి వెనకాలే వచ్చింది గానీ, కూర్చోలేదు. మగ్గం గుంజను పట్టుకొని నిలబడింది.

టీవీలో గుట్ట వచ్చింది. పోతులయ్య దిండుకు ఆనుకొని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని, గడ్డి చూడటానికి తయారై కూర్చున్నాడు. ఎండిన చెట్లు కదిలిపోయాయి. ఎర్రటి నేల కదిలిపోయింది.

"గడ్డి యాడ?" అన్నాడు.

"వాన పడల్యా మామా," అన్నాడు గిరిధర్. "ఆ పొద్దు నువ్వు చూసింది వాన గాదు. మోటరు కరెంటు బొమ్మ తీగలోకి దూరి గీతలు పడినాయి. వాన గాదని నాకు ఆ పొద్దే తెలుసు. తెలిసీ ఊఁ అన్నా."

ముసలాయన తిరిగి చూడలేదు. మొహంలో ఏదో ఆరిపోతుండటం పక్కనుంచి చూస్తున్న ఇద్దరికీ కనిపించింది. ధరణి గుంజకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. టీవీ ఆపుదామని గిరిధర్ లేచాడు. అప్పటికి తెర మీద విమానం బాగా ఎత్తుకు పోయి ఉంది. గుట్ట మొత్తం కింద పరుచుకొని, నెమ్మదిగా తిరుగుతోంది.

"తీయొద్దు," అన్నాడు పోతులయ్య. "నిలబెట్టు ఆడ."

గిరిధర్ బొమ్మను నిలబెట్టాడు.

"ఇవేంది?"

గుట్ట ఒంటి నిండా సన్నటి తెల్లటి దారులు. పదులకొద్దీ. ఒకదాని మీద ఒకటి మెట్లు మెట్లుగా, గుట్టను చుట్టుకుంటూ పోయి, విడిపోయి, మళ్ళీ కలుసుకుంటూ, అన్నీ చివరికి దొన దగ్గరికి చేరుతున్నాయి. ఎగరేసేటప్పుడు గిరిధర్ వాటిని చూశాడు. పాత వానలకు పడిన కాలవలనుకున్నాడు. అదే చెప్పాడు.

"కాదప్పా. నీళ్ళు నిట్టనిలువున దిగుతాయి. ఇవి అడ్డంగా పోతాండాయి గదా." పోతులయ్య చేత్తో గాలిలో అడ్డంగా గీసి చూపాడు. "గొర్రె నిట్టనిలువు ఎక్కదు. అడ్డం పట్టి పోతాది. ఇవి నా గొర్రెలు నడిచిన బాటలు."

యాభై ఐదేళ్ళు ఆ మనిషి ఆ దారుల మీదే నడిచాడు. ఒక్కో అడుగూ తెలుసు. అన్నిటినీ కలిపి ఒకేసారి ఏనాడూ చూడలేదు. చూసేంత ఎత్తుకు ఎవరు తీసుకుపోతారు గొర్రెలవాడిని? తన చేతి రాత అంటూ ఒకటి లేదని, బొటనవేలి ముద్రే తనకు మిగిలిందని అనుకుంటూ బతికినవాడు. మంచాన్ని ముందుకు జరపమన్నాడు. తెర మీద వేలు పెట్టాడు. ఇది మీ అమ్మ సద్ది తెచ్చే బాట అని కూతురికి చెప్పాడు. ఇది కరువు వచ్చిన ఏడు ఆకు కోసం పోయినదన్నాడు. ఇది తోడేలు తగిలినాక మార్చుకున్నదన్నాడు. వేలు ఒక్కో దారి పట్టుకొని మెల్లగా గుట్ట చుట్టూ తిరుగుతుంటే, ధరణి గుంజ వదిలి వచ్చి ఆయన పక్కన నేల మీద కూర్చుంది.

ఒక దారి మీద వేలు ఆగింది. దొన వైపు పోతున్న పెద్ద దారి అది. సగంలో మసకబారి, ముళ్ళకంప కింద మాయమైపోయింది.

"ఇది పూడిపోతాండాదే," అన్నాడు. "ఐదారు నెల్లకే. వాళ్ళు కింద రోడ్డు పక్కనే మేపుకొంటాండారు, పైకి తోలడం ల్యా. తోలకపోతే రెండేండ్లకు అన్నీ ఇట్లే పోతాయి."

చాలాసేపు ఆ చెరిగిపోయిన చోటే చూశాడు. తర్వాత రెండు చేతులతో ఎడమ కాలిని ఎత్తి, మంచం మీది నుంచి నేల మీదికి దించాడు. నొప్పికి పళ్ళు బిగబట్టాడు గానీ, మళ్ళీ పైకి తీసుకోలేదు.

"బుధవారం గదా పోయేది?" అని కూతుర్ని అడిగాడు. "డాక్టరుతో ముందే చెప్పు పాపా. నిట్టనిలువు ఎక్కే కాలు నాకొద్దు. అడ్డం పట్టి పోయే కాలైతే చాలు."